కంప్యూటరు భాషలు – వాని విమర్శకులు

వడ్రంగి ఉలిని కొనుటకు ముందు దాని అంచును బొటనవ్రేలితో తడవి చూచును. సారె ఒక ప్రక్కకు ఒరిగినచో కుండ చక్కగా రాదని కుమ్మరి ఎరుగును. పనివాడు తన పనిముట్టులోని లోపములను వెదకుట తప్పు కాదు. అది పనిలో ఒక భాగమే. కంప్యూటరునకు ప్రోగ్రాములు వ్రాయువారికి భాషయే పనిముట్టు. ఆ పనిముట్టును గూర్చి మిక్కిలి కఠినముగా పలికినవారిలో పలువురు దానిని స్వయముగా తయారుచేసినవారే అగుట ఈ శాస్త్రచరిత్రలో ఒక విశేషము.

కంప్యూటరు తనంత తానుగా ఏ మానవభాషను ఎరుగదు. దానికి తెలిసినవి సున్న, ఒకటి అను రెండంకెల కూర్పులు మాత్రమే. 1949లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్సాక్ అను యంత్రము పనిచేయ నారంభించినప్పుడు, ప్రోగ్రాములోని ఒక్కొక్క ఆజ్ఞను ఒక అక్షరముతోను కొన్ని అంకెలతోను సూచించి, కాగితపు పట్టీపై రంధ్రములుగా పొడిచి యంత్రమున కందించెడివారు. ఆ యంత్రమును నిర్మించిన మారిస్ విల్క్స్ ఆ యేడే ఒక సత్యమును గ్రహించెను. తన శేషజీవితములో చాల భాగము తన ప్రోగ్రాములలోని తప్పులను తానే వెదకుకొనుటతో గడచిపోనున్నదని ఆయనకు తోచినదట. యంత్రము చెప్పినది చెప్పినట్లు చేయును. చెప్పదలచినది వేరు, చెప్పినది వేరు అయినచో ఆ భేదము దానికి తెలియదు.

ఈ శ్రమను తగ్గించుటకే ప్రోగ్రాము భాషలు పుట్టినవి. అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బాకస్ నాయకత్వమున కొందరు పరిశోధకులు మూడేండ్లు పాటుపడి 1957లో ఫోర్‌ట్రాన్ అను భాషను వెలువరించిరి. దానిలో గణితసూత్రములను ఇంచుమించు పుస్తకములో వ్రాసినట్లే వ్రాయవచ్చును. వాటిని యంత్రమునకు తెలియు అంకెలలోనికి మార్చుట ‘కంపైలరు’ అను మరియొక ప్రోగ్రాము పని. పూర్వము దొరల కచేరీలలో ద్విభాషి చేసిన పనినే ఇది చేయుచున్నది. అయితే మంచి ద్విభాషి, చెప్పువాని మాటలో పొరపాటు దొరలినప్పుడు ఒక్క క్షణమాగి, ‘ఇట్లనియేనా తమ అభిప్రాయము?’ అని అడుగును. కంప్యూటరు భాషలపై వచ్చిన విమర్శలన్నిటికిని మూలమైన ప్రశ్న ఇదియే. మనుష్యుడు తప్పు చేయక మానడు. ఆ తప్పును భాష పట్టి చూపునా, లేక కప్పిపుచ్చునా?

1968 మార్చిలో హాలండు దేశీయుడైన ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా ఒక శాస్త్రపత్రికకు చిన్న లేఖ వ్రాసెను. అప్పటి భాషలలో ‘గో టు’ అను ఆజ్ఞ విరివిగా వాడబడుచుండెను. పదవ పంక్తినుండి మూడువందలవ పంక్తికి, అచ్చటినుండి నలుబదవ పంక్తికి యంత్రమును దుమికింపజేయుట దాని పని. పుటలు తారుమారైన కథాపుస్తకమును చదువుట ఎట్లో, అట్టి ప్రోగ్రామును చదువుట అట్లు. యంత్రమునకు చిక్కు లేదు. చదివి సరిచూడవలసిన మనుష్యునికే చిక్కు. ఆ యాజ్ఞను విడిచిపెట్టవలెనని డైక్‌స్ట్రా వాదించెను. లేఖకు ‘గో టు హానికరము’ అను భావము వచ్చునట్టి శీర్షిక పెట్టినవాడు మాత్రము ఆయన కాదు. పత్రికా సంపాదకుడైన నిక్లౌస్ విర్త్. ఆ శీర్షిక వలననే లేఖ మరింత ప్రసిద్ధి కెక్కెనేమో!

డైక్‌స్ట్రా నాలుక మహా పదునైనది. బేసిక్ అను సులభభాషతో చదువు మొదలిడిన విద్యార్థులకు మంచి ప్రోగ్రాము వ్రాయుట నేర్పుట దాదాపు అసాధ్యమని 1975లో ఆయన వ్రాసెను. ఇది న్యాయమైన మాట యనుట కష్టము. ఆ భాషతోనే ఓనమాలు దిద్ది తరువాత నిపుణులైనవారు లోకమున లెక్కకు మిక్కిలిగా ఉన్నారు. కాని ‘గో టు’ విషయమున కాలము ఆయన పక్షమునకే తీర్పు చెప్పినది. నేటి భాషలలో కొన్నిటిలో ఆ యాజ్ఞయే లేదు. ఉన్నవానిలో దానిని వాడువారు అరుదు. ఫోర్‌ట్రాన్ కర్తయైన బాకస్ సయితము 1977లో, ఆ కృషికి ముఖ్యకారణముగా లభించిన ట్యూరింగ్ పురస్కారమును స్వీకరించుచు, ఫోర్‌ట్రాన్ మార్గమున పుట్టిన భాషలన్నియు లావెక్కుచున్నవేగాని బలపడుటలేదని సభాముఖమున ఆక్షేపించెను. సన్మానసభలో తన సృష్టినే తప్పుపట్టుటకు గుండెదిటవు కావలెను.

ఈ విమర్శకులలో టోనీ హోర్ చరిత్ర విపులముగా తెలిసికొనదగినది. ఆయన ఆంగ్లేయ దంపతులకు 1934లో సింహళమునందలి కొలంబో నగరమున జన్మించెను. ఆక్స్‌ఫర్డులో లాటిన్, గ్రీకు భాషలను, తత్త్వశాస్త్రమును చదివెను. నౌకాదళములో ఉన్నప్పుడు రష్యన్ భాషను నేర్చెను. పిదప మాస్కో విశ్వవిద్యాలయమున చదువుచు, రష్యన్ వాక్యములను యంత్రముచేత ఇంగ్లీషులోనికి అనువదింపజేయుట ఎట్లని ఆలోచించుచుండగా, వాక్యములోని పదములను అక్షరక్రమమున త్వరగా పేర్చవలసిన అవసరము కలిగెను. అందుకై ఆయన కనిపెట్టిన ‘క్విక్‌సార్ట్’ అను పద్ధతి నేటికిని లోకమంతట వాడుకలో ఉన్నది. 1960లో ఆయన ఇంగ్లండులో కంప్యూటర్లు తయారుచేయు ఎలియట్ బ్రదర్స్ సంస్థలో ఉద్యోగమున చేరెను. పై యధికారి ఆయనకు వేరొక పేర్పు పద్ధతిని ఇచ్చి ప్రోగ్రాము వ్రాయుమనెను. హోర్ ఆ పని ముగించి, ఇంతకంటె వేగమైన పద్ధతి తనకు తెలియునని మెల్లగా చెప్పెను. అధికారి నమ్మక ఆరు పెన్నీల పందెము కాసి, ఓడిపోయెను.

కొలది కాలమునకే ఆల్గాల్ 60 అను క్రొత్త భాషకు ఎలియట్ 803 యంత్రముపై కంపైలరును నిర్మించు భారము హోరుపై పడినది. ఆ యంత్రపు మెమరీ నేటి చేతిఫోను ముందు లెక్కకు రానిది. దానిలో 4,096 గాని, పెద్దదైనచో 8,192 గాని గడులుండెడివి. అంత ఇరుకులోను హోర్ ఒక నియమమును పట్టు విడువకుండ పాటించెను. దానిని గ్రహించుటకు ముందు ‘అర్రే’ అను ఏర్పాటును గూర్చి తెలిసికొనవలెను.

పెక్కు సంఖ్యలనో పేర్లనో వరుసగా దాచుకొనుటకు ప్రోగ్రాములలో అర్రేను వాడుదురు. తపాలా కచేరీ గోడకు వరుసగా అమర్చిన అరల వంటిది అది. ఇరువది అరలు కావలెనని ముందుగా చెప్పి, పిదప అయిదవ అరలోనిది తెమ్మనియో, పండ్రెండవ అరలో ఇది పెట్టుమనియో ఆజ్ఞాపింపవచ్చును. పొరపాటున ఇరువదియొకటవ అరలోనిది తెమ్మన్నచో ఏమగును? తపాలా గుమాస్తా అయినచో ‘అట్టి అర లేదు’ అని చేయి వెనుకకు తీసికొనును. యంత్రములో అట్లు కాదు. దాని గడులన్నియు ఎడము లేక ఒకదాని ప్రక్క ఒకటి ఉండును. ఇరువదవ గడి తరువాత గోడ లేదు. వేరొకరి గడి ఉన్నది. అందులో ఎవరి జీతపు లెక్కయో, ఎవరి రహస్యపదమో, యంత్రము తరువాత చేయవలసిన ఆజ్ఞయో ఉండవచ్చును. చదువుమన్నచో యంత్రము దానినే చదువును; వ్రాయుమన్నచో దానిపైననే వ్రాయును. గట్టు తెలియని ఎద్దులు పొరుగువాని చేను దున్నినట్లగును. ఇందులో భయంకరమైన విషయమేమన, తప్పు జరిగిన క్షణమున ఏ శబ్దమును కాదు. ఎప్పుడో, మరెక్కడనో, సంబంధము లేని లెక్కలో అది బయటపడును.

ఎలియట్ కంపైలరు ఈ ముప్పునకు అడ్డుకట్ట వేసినది. అర్రేలోని గడిని తడవిన ప్రతిమారును, ఆ గడి సంఖ్య చెప్పిన హద్దులలో ఉన్నదా లేదా అని యంత్రమే సరిచూచును. హద్దు దాటినచో పని ఆగి, తప్పు తెలుపబడును. దీనికి మూల్యము లేకపోలేదు. ప్రతి తనిఖీకిని కొంత కాలము పట్టును. కొన్ని గడులు ఖర్చగును. కావున కొన్నేండ్లు గడచిన పిదప సంస్థవారు తమ ఖాతాదారులను అడిగిరి: ‘ప్రోగ్రాములు వేగముగా నడచుటకై ఈ తనిఖీని మాన్పించు వసతి కల్పింపమందురా?’ వలదని వారందరు ఏకకంఠముతో పలికిరి. తమ ప్రోగ్రాములలో ఆ తనిఖీ ఎన్నిమారులు తప్పులను పట్టినదో వారు కన్నులార చూచియుండిరి. ప్రోగ్రామును పరీక్షించునప్పుడు తనిఖీ ఉంచి, నిజమైన పనికి దింపునప్పుడు తీసివేయువారిని గూర్చి హోర్ 1973లో ఒక పోలిక చెప్పెను. నేలమీద శిక్షణ పొందునంత కాలము తేలుడు కవచము తొడిగికొని, సముద్రములోనికి పోగానే దానిని విప్పివేయు నావికుని వంటివారట వారు!

అటులని హోర్ జీవితమున అన్నియు విజయములే అనుకొనరాదు. ఎలియట్ 503 అను తరువాతి యంత్రమునకు విస్తృతమైన ప్రోగ్రాముల సముదాయమును నిర్మింపబూని ఆయన బృందము ఘోరముగా దెబ్బతినెను. క్రొత్త కంపైలరు క్షణమునకు రెండక్షరములను మాత్రమే అనువదింపగలిగెను. పాతది ఇంచుమించు వేయి అక్షరములను అనువదించుచుండెడిది! ముప్పదిమంది యేడాది పాటు చేసినంత శ్రమ నీటిలో కలిసినది. ఆ కాలమున మరియొక అధికారి హోరుపై కేకలు వేయుచు, ‘నీకే అర్థము కాని పనులను నీ ప్రోగ్రామర్లను చేయనిచ్చితివి, లోపమదియే’ అనెను. ఇంత పెద్ద నిర్మాణమంతయు ఒక్కనికి అర్థమగుట ఎట్లు సాధ్యమని హోర్ అప్పుడు ఆశ్చర్యపడెను. ఆ మాట అక్షరాల నిజమని గ్రహించుటకు ఆయనకు కొంత కాలము పట్టెను.

ఆయన మరియొక పొరపాటు 1965 నాటిది. ప్రోగ్రాములలో ఒక వస్తువు మెమరీలో ఎచ్చట ఉన్నదో తెలుపు చిరునామా చీటీలు ఉండును. చీటీలో వ్రాయుటకు ఏమియు లేనప్పుడు ఏమి చేయవలెను? దానిని ఖాళీగా వదలవచ్చునని, నిక్లౌస్ విర్తుతో కలిసి ఆల్గాల్ భాషను సంస్కరించుచున్న హోర్ నిర్ణయించెను. అది మిక్కిలి సులభముగా అమరినది. అందువలననే ఆయనకు ఆశ కలిగినది. ‘నల్’ అను ఈ ఖాళీ చీటీ తరువాత వచ్చిన భాషలలో చాలవానికి సంక్రమించినది. చిరునామా లేని ఉత్తరమును తపాలా బంట్రోతు ఎచ్చటికి కొనిపోవును? యంత్రమును అట్లే నిలిచిపోవును. ఫోనులో ఏదైన అప్లికేషను హఠాత్తుగా మూసికొనిపోవుటకు ఈ ఖాళీ చీటీ తరచు కారణమగుచుండును. 2009లో లండనులో ప్రసంగించుచు హోర్ దీనిని తన శతకోటి డాలర్ల తప్పిదముగా పేర్కొనెను. ఎవరును నిలదీయకుండగనే నలుబదినాలుగేండ్ల తరువాత చేసిన ఒప్పుకోలు అది.

1980లో హోరునకును ట్యూరింగ్ పురస్కారము లభించెను. ఆ సందర్భమున ఆయన చేసిన ప్రసంగము కంప్యూటరు శాస్త్రమున పేరుమోసినది. హద్దుల తనిఖీని గూర్చి తాము ఇరువదియేండ్ల క్రిందటనే నేర్చిన పాఠమును భాషాకర్తలు ఇంకను నేర్వకుండుట తనకు భయమును కలిగించుచున్నదని ఆయన అనెను. గౌరవము గల ఏ యింజనీరింగు వృత్తిలోనైనను ఇంతటి ప్రాథమికమైన జాగ్రత్తను పాటింపకుండుట ఎన్నడో చట్టవిరుద్ధమై ఉండెడిదనియు చెప్పెను. ఆ రోజులలో అమెరికా రక్షణశాఖ ‘ఏడా’ అను మహాభాషను సిద్ధము చేయించుచుండెను. అందులో సౌకర్యములు కుప్పతెప్పలుగా పేర్చబడినవి. అంతటి చిక్కుల భాషను అణువిద్యుత్ కేంద్రములకును క్షిపణులకును వాడరాదని హోర్ హెచ్చరించెను.

ఏడా విషయమున ఆయన భయము పూర్తిగా నిజమైనదనరాదు. భాష స్థిరపడిన పిదప విమానములలోను రైళ్ళలోను నమ్మకముగా పనిచేసినది. హద్దుల తనిఖీ దానిలో సహజముగానే ఉన్నది. కాని 1996 జూన్ 4వ తేదీన దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానా నుండి ఎగిరిన ఏరియన్ 5 రాకెట్టు సుమారు 40 సెకండ్లలోనే దారి తప్పి ముక్కలైనది. పాత రాకెట్టు కొరకు ఏడాలో వ్రాసిన ప్రోగ్రామును దానియందు యథాతథముగా ఉంచిరి. 64 బిట్ల చోటులో ఉన్న ఒక సంఖ్యను 16 బిట్ల చోటులోనికి మార్చవలసివచ్చినప్పుడు అది పట్టలేదు. కుంచములోని బియ్యమును తవ్వలో పోయబూనినట్లయినది. అట్టి ఏడు సంఖ్యలలో నాలుగింటికి రక్షణ ఉంచి, యంత్రమునకు భారమగునని మూడింటికి మానివేసిరి. రాకెట్టును కూల్చినది ఆ మూడింటిలో ఒకటి. దానితోపాటు నాలుగు శాస్త్రీయ ఉపగ్రహములును నశించినవి. రాకెట్టులో మనుష్యులు లేకుండుట అదృష్టము.

హోర్ చెప్పినదానికి విరుద్ధమైన దారిలో నడచి లోకమును జయించిన భాష ‘సీ’. 1970 తరువాతి తొలియేండ్లలో అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో డెనిస్ రిచీ దానిని నిర్మించెను. అది చిన్నది, చురుకైనది. యంత్రమునకు అతి సమీపమైనది. అర్రే హద్దులను తనిఖీ చేయదు. ప్రోగ్రామరు తానేమి చేయుచున్నాడో ఎరిగినవాడేయని అది నమ్మును. రిచీ వంటి నిపుణుని చేతిలో అట్టి నమ్మకము వరమే. కాని కాలక్రమమున యంత్రములను నడపు మూలప్రోగ్రాములు, నెట్‌వర్కు ప్రోగ్రాములు అనేకము సీలోను, దాని సంతతియైన సీ ప్లస్ ప్లస్‌లోను వ్రాయబడినవి. 1988 నవంబరు 2వ తేదీన ఒక అమెరికను విద్యార్థి విడిచిన ‘పురుగు’ ప్రోగ్రాము, 512 అక్షరములకు ఏర్పరచిన చోటులో అంతకంటె ఎక్కువ అక్షరములను క్రుక్కి, పొంగిన భాగములో తన ఆజ్ఞలను దాచి, వేలకొలది యంత్రములను స్తంభింపజేసెను. తలుపు విరుగగొట్టక, గోడ లేని చోటునుండి ఇంటిలోనికి వచ్చిన దొంగ వంటిది అది.

అప్పటినుండి దొంగలందరు అదే సందులో తిరుగుచున్నారు. తమ సంస్థ యేటేట సరిదిద్దు భద్రతాలోపములలో నూటికి సుమారు 70 మెమరీ భద్రతకు సంబంధించినవేయని 2019లో మైక్రోసాఫ్ట్ నిపుణులు తెలిపిరి. ఇన్ని యేండ్లు తెలిసియు ఏల మార్చలేదని అడుగవచ్చును. వ్రాసినది కోట్ల పంక్తులలో ఉన్నది. నడచుచున్న బండి చక్రమును మార్చుట ఎవరికిని ఇష్టముండదు. వేగము తగ్గునను భయమును ఉన్నది. ఆ భయమును పోగొట్టుటకు పుట్టిన వానిలో ‘రస్ట్’ ముఖ్యమైనది. దాని తొలి స్థిరరూపము 2015లో వెలువడినది. ఏ గడి ఎవరి అధీనములో ఉన్నదో, ఎంతవరకు ఉండునో కంపైలరే ముందుగా లెక్కించి, సందేహమున్నచో ప్రోగ్రామును అనువదింపనే అనువదింపదు. అర్రే హద్దుల తనిఖీ దానిలో అలవాటుగా జరుగును. ఖాళీ చీటీని చూడకుండ వాడుటకును దానిలో వీలు లేదు. ఆరంభమున నేర్చుకొనువారు ఈ కంపైలరు చండశాసనమునకు విసుగు చెందుదురు. 2024 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుని కార్యాలయమే ఇట్టి సురక్షితభాషలకు మారుడని పరిశ్రమలను కోరుచు ఒక నివేదికను ప్రకటించెను. ప్రోగ్రాము భాషల గుణదోషములు ప్రభుత్వ విషయములగుట అంతకుముందు అరుదు.

ఆ యేడే జూలై 19వ తేదీన, యంత్రములను దొంగలనుండి కాపాడుటకై క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ అమర్చిన ప్రోగ్రామునకు ఒక క్రొత్త సమాచారపు దస్త్రము ప్రపంచమంతటికి పంపబడెను. అది యంత్రము గుండెలోనే పనిచేయు ప్రోగ్రాము. అది ఇరువదియొకటవ గడిని చదువబోయెను. దానికి అందింపబడినవి ఇరువదియే. హద్దు దాటిన ఆ చదువుతో సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలితెర చూపి కూలిపోయినవి. ఆసుపత్రులలో పనులు నిలిచెను. వేలకొలది విమానములు రద్దయ్యెను. హైదరాబాదు విమానాశ్రయమున ఉద్యోగులు కలములు చేతబట్టి, ప్రయాణికుల పేర్లను, ఆసనముల సంఖ్యలను కాగితపు చీటీలపై వ్రాసి ఇచ్చిరి. ఆ చీటీల ఛాయాచిత్రములను దేశమంతయు వింతగా చూచినది.

సంస్థవారు కారణములను వెదకి ఆగస్టులో ఒక నివేదికను ప్రకటించిరి. అర్రేలోని గడిని తడవుటకు ముందు హద్దును సరిచూచు తనిఖీని జూలై 25వ తేదీన తమ ప్రోగ్రామునకు చేర్చితిమని వారందులో తెలిపిరి. ఎలియట్ 803 కంపైలరులో హోర్ ఉంచిన తనిఖీయును అట్టిదే.